మంచి కర్ర

మా నాన్నకి బహుమతి కొనడం కష్టం.
కొత్త కుర్చీలో కూర్చోబోయే ముందు
వంగి దాని కాళ్ళ కింద చూస్తాడు.
పర్లాకిమిడిలో సగం గుమ్మాలు
సన్యాసాచారి ఉలి ఎరిగినవే.
వేగిసనీ టేకునీ చీకట్లో వాసన పట్టే మనిషికి
ప్లైవుడ్డు ఇచ్చి తప్పించుకోలేను.

అయినా గిటారే కొనాలనుకున్నాను.

నా చిన్నప్పుడు, పెళ్ళిళ్ళ పార్టీలో వాయించే పాఢీ అనే కుర్రాడు
మెడ విరిగిన గిటారొకటి తెచ్చి
"రెండ్రోజుల్లో వస్తా మిస్త్రీ" అని వెళ్ళాడు.
పదకొండేళ్ళు రాలేదు.

మెడ అతికింది. తీగలు మారాయి.
రంపప్పొట్టు దులుపుకున్నాక రాత్రిపూట
నాన్న దాన్నే అడిగి అడిగి నేర్చుకున్నాడు.
ఎడమ చిటికెన వేలి కొస అప్పటికే రంపానికి పోయింది.
మిగిలిన మూడున్నర వేళ్ళకి అందిన పాటలే
మా ఇంట్లో పాటలు.

పన్నెండో ఏడు పాఢీ వచ్చాడు, బట్టతలతో.
నాన్న గిటారు తుడిచి ఇచ్చేశాడు.
మెడ అతికినందుకు నలభై రూపాయలు
లెక్కపెట్టి తీసుకున్నాడు.
ఆ రాత్రి ఉలులన్నీ నూరాడు,
పదునున్నవి కూడా.

మొన్న ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో
మూడు నెలల నైట్‌డ్యూటీ డబ్బులు చేతికొచ్చాయి.
తప్తపాణి మలుపుల్లో కడుపు తిప్పే బస్సెక్కి
బ్రహ్మపురం పెద్దబజారులో దిగాను.

"ఏ కంపెనీ?" అన్నాడు కొట్టు టుకునా బాబు.
కంపెనీ నాకేం తెలుసు.
వేలి కణుపుతో పలక మీద కొట్టాను.
మొదటిది అట్టపెట్టెలా పలికింది.
రెండోది తళతళలాడింది, అంతే.
మూడోదాని కన్నం దగ్గర ముక్కు పెడితే
జిగురు వాసన.
"చింతపండు కొంటున్నావా అమ్మా" అని నవ్వాడు.
నవ్వనీ.
ఒక కన్ను మూసి మెడ వెంబడి చూశాను,
నాన్న దూలం వంపు చూసినట్టు.
కన్నం అంచు మీద వేలు నడిపాను:
పైనున్న చార తెగకుండా లోపలికి దిగితే ఒకే పలక,
పొరలు తగిలితే మోసం.

ఏడోదానికి దిగింది.

తీగలు కర్రకి దగ్గరగా ఉన్నాయి,
మూడున్నర వేళ్ళు నొప్పెట్టకుండా నొక్కేంత.
వీపు రోజ్‌వుడ్డు, పై పలక స్ప్రూసు అన్నాడు.
స్ప్రూసు మా వైపు లేదు.
మహేంద్రగిరి చెట్లన్నీ ఎరిగిన మనిషికి
ఎరగని చెట్టొకటి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను,
ఘాట్‌లో ప్రతి కుదుపుకీ
నా మోచెయ్యి అడ్డుపెట్టి.
ధర బేరమాడలేదు.
ఆడానని ఇంట్లో చెప్పాలి.

పెట్టె తెరిచాను.
నాన్న వాయించలేదు. కొట్టి చూడలేదు కూడా.
తిరగేసి వీపు నిమిరాడు, దూడని నిమిరినట్టు.
నా ఫోను టార్చి అడిగాడు.
అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం అడిగాడు.
అద్దాన్ని తీగల సందున కన్నంలోకి దించి
లోపల చూడసాగాడు,
నేను ఫిల్ము వెలుగుకెత్తి పక్కటెముకలు చూసినట్టు.

"ఎవడో మనోడేనే.
బద్దల కొసలు ఎంత పల్చగా తీసేడో చూడు.
లోపల ఎవులు చూస్తారని?"

అద్దం ఇంకాస్త వంచాడు.
"ఇదిగో."

పలక అడుగున, నడిమి అతుకు పక్కన,
చెరపడం మరిచిపోయిన పెన్సిలు గీత.
దాని పక్కన ఏదో అంకె, ఏ ఊరిదో.
నాన్న చెయ్యి తెలియకుండానే
తన చెవి మీదున్న పెన్సిలు తడుముకుంది.

దీపాలు పెట్టే వేళయింది.
ఇంకా తీగ ముట్టలేదు.
నాన్న ఆ గీత చూస్తున్నాడు, టార్చికి నా ఫోను వేడెక్కిపోతోంది.
వంటింటి గడపలోంచి అమ్మ:
"నా అద్దమైనా ఇచ్చీండి,
పాటైనా ఎత్తుకోండి."